మామిడి షెడ్డులో కోర్ల బేరం

సగటు అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా కాగితం మీద సగటు ఒక్కటే రాసి చేతిలో పెడితే, మా నాన్న కొట్టుకి కందిపప్పు బస్తాలు తెచ్చి, పైన మాత్రం దోసెడు మంచి పప్పు పరిచే వాళ్ళే గుర్తొస్తారు. నూజివీడు బజారులో మాది కిరాణా కొట్టు. బస్తా దిగిందంటే నాన్న దాని మూతి విప్పేవాడు కాదు. కొన తేలిన ఇనుప గొట్టం ఒకటి ఉండేది, దాన్ని బస్తా అడుగున గుచ్చేవాడు. అందులోంచి జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని, వాటిని కాకుండా, తెచ్చినతని మొహం చూసేవాడు. బేరం ఆ తరవాతే.

ఇప్పుడు నా ఉద్యోగమూ గొట్టం గుచ్చడమే. మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, ఎక్కడో ఉన్న కంపెనీ కోసం, కంప్యూటర్ల షెడ్యూలర్లని పరీక్షిస్తాను. అదేంటని చుట్టాలు అడిగితే కొట్టు కథే చెప్తాను. కంప్యూటర్లో ఉండే కోర్లు కౌంటర్లో నిలబడి సరుకు కట్టే మనుషులు. ప్రోగ్రాములు కొనడానికి వచ్చినవాళ్ళు. ఎవరిని ముందు చూడాలో, ఎవరిని కాసేపు ఆపాలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని కేకలేసే మా నాన్నే షెడ్యూలర్. నెల సరుకుల చీటీ తెచ్చినాయన పని నడుస్తుండగానే, అగ్గిపెట్టె కోసం వచ్చినామెని పంపించేయాలి. అలాగని చీటీ ఆయన్ని పొద్దుగూకేదాకా నిలబెట్టకూడదు. పక్క మనిషి ఖాళీ అయ్యాడు కదా అని ఆయన్ని అటు తోస్తే, చీటీ మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించాలి. ఉన్న టైమూ పోతుంది, ఆయనకి కోపమూ వస్తుంది.

ఇలాంటి కొట్టుకి మార్కులు వెయ్యాలంటే ఎప్పుడు వెళ్ళాలి? ఎవరూ లేని మధ్యాహ్నం వెళ్ళి, “అబ్బ, ఎంత చురుగ్గా ఇస్తున్నారండీ” అంటే అది పరీక్ష కాదు, పలకరింపు. పండగ ముందురోజు సాయంత్రం వెళ్ళాలి. అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డ మనిషి ఎంతసేపు నిలబడ్డాడో చూడాలి. ఆ ఒక్క మనిషే నాకు లెక్క. మిగతాదంతా పైన పరిచిన పప్పు.

కొట్టు నాకు ఇచ్చిన రెండో గుణం బేరం. ఇది ఉద్యోగానికి పనికిరాదు, కానీ వదలదు. ధర చీటీ అతికించి ఉన్న వస్తువు దగ్గర కూడా నా నోరు ఊరుకోదు. ఆమధ్య కళ్ళద్దాల కొట్లో గంటసేపు వాదించాను. ఆయన పైసా దిగలేదు. ఉత్త చేతుల్తో బయటికి రావడానికి మనసొప్పక, కళ్ళద్దాలు పెట్టుకునే పెట్టె ఇంకోటి ఉచితంగా పట్టుకొచ్చాను. నాకున్నది ఒకే జత. ఆ రెండో పెట్టెలో పిన్నీసులు వేసుకుంటున్నాను.

మా కొట్టుకి వచ్చేవాళ్ళలో అసలు బేరమే ఆడని మనిషి ఒకావిడ. రెడ్డిగూడెంలో బడి టీచరు. ఆదివారం చర్చి అయ్యాక నూజివీడు వచ్చి సరుకులు తీసుకునేవారు. ధర అడిగేవారు. న్యాయంగా అనిపిస్తే తీసుకునేవారు. లేకపోతే ఆ వస్తువు ఎక్కడిదక్కడ పెట్టి, నమస్కారం చేసి వెళ్ళిపోయేవారు. బజారులో ఎవరికీ జంకని మా నాన్న ఆ నమస్కారానికి జంకేవాడు. “నాలుగు మాటలని తగ్గించమంటే ఏం పోయింది ఈవిడకి” అని ఆ పూటంతా గొణుగుతూనే ఉండేవాడు.

ఈ వేసవి సెలవుల్లో ఆ టీచరు గారే మా మేడ మెట్లెక్కి వచ్చారు.

“ఏమ్మా, కంప్యూటర్లకి పరీక్షలు పెట్టి మార్కులు వేస్తావటగా?”

“వేస్తానండీ.”

“అయితే ఒకదాన్ని ఫెయిల్ చెయ్యాలి. పద.”

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాక విషయం చెప్పారు. ఆవిడకి రెడ్డిగూడెంలో చిన్న తోట ఉంది, అన్నీ బంగినపల్లి చెట్లే. కాయలు మైలవరం రోడ్డులో ఉన్న ఒక షెడ్డుకి వేస్తారు. ఆ షెడ్డులో ఈ ఏడాది కొత్తగా గ్రేడింగ్ మిషను పెట్టారు. ఆవిడ పంపిన రెండు లోడ్లూ చాలావరకు జ్యూసు ట్రేలో పడ్డాయి. షెడ్డు రూలు ప్రకారం మూడోసారి కూడా అలాగే జరిగితే, ఆ తోట ఫస్టు గ్రేడు తోటల్లోంచి పోతుంది. ఒకసారి జ్యూసు తోట అని పేరు పడితే వచ్చే ఏడాది పూత చూడటానికి కూడా ఎవరూ రారు. మూడో లోడు ఈ వారమే కొయ్యాలి.

“నా కాయల్ని కలెక్టర్ కాయల్లో కలిపారు. చూసి చెప్పు, ఇది జ్యూసు కాయా?” అని చేతిసంచిలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. మా వైపు కలెక్టర్ అంటే ముక్కున్న పొడుగు మామిడి, జ్యూసు ఫ్యాక్టరీకి వెళ్ళేది. బల్ల మీదున్నది మచ్చ లేని బంగినపల్లి. ముచ్చిక కూడా కత్తిరించినట్టు శుభ్రంగా ఉంది, ఎక్కడా సొన కారలేదు.

షెడ్డు యజమాని నాకు కొత్తవాడు కాదు. నాన్న స్నేహితుడు, షెడ్డు పెట్టకముందు మా పక్కనే ఎరువుల కొట్టు నడిపేవాడు. చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించాడు.

“మిషనమ్మా అది. దానికి ఫలానా వాళ్ళ కాయలని ఏం తెలుసు? పక్షపాతం ఉండదు. అందుకే కదా కొన్నాను” అన్నాడు.

మిషను సంగతి ఇది. పక్కపక్కనే రెండు బెల్టుల మీద కాయలు వరసగా వస్తాయి. పైన కెమెరాలు ఫొటోలు తీస్తాయి. పక్కనున్న కంప్యూటరు ఆ ఫొటో చూసి ఫస్టు, సెకండు అని తీర్పు చెప్తుంది. తీర్పు రాగానే ఆ గ్రేడు తాలూకు రేకు తలుపు తెరుచుకుని కాయ అటు దొర్లుతుంది. తీర్పు ఆలస్యమైతే? కాయ ఆగదు కదా. తలుపు దాటి, బెల్టు చివరిదాకా పోయి, అక్కడున్న ట్రేలో పడుతుంది. ఆ ట్రే పేరే జ్యూసు. అంటే కంప్యూటరు “ఇది బాగాలేదు” అన్న కాయా, కంప్యూటరు చూసే తీరిక లేక వదిలేసిన కాయా ఒకే చోట పడతాయి. ఈ ముక్క అర్థమయ్యేసరికి నాకు చెవులు వేడెక్కాయి.

ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఇంకేం నడుస్తున్నాయో చూశాను. షెడ్డులో సీసీ కెమెరాలన్నిటి రికార్డింగు. కాటా బిల్లులు. కొనేవాళ్ళకి ఫొటోలు పంపడం. వీటి మధ్యలో, స్పీకర్లో పొద్దున్నుంచీ వినిపిస్తున్న భక్తి పాటలు కూడా అందులోంచే.

“బాబాయ్, ఇవన్నీ దీని మీదే పెట్టారేంటి?”

“ఎనిమిది కోర్లున్నాయన్నాడు కంపెనీవాడు. గ్రేడింగుకి అన్నీ అక్కర్లేదన్నాడు. డబ్బు పెట్టి కొన్నవి ఊరికే కూర్చుంటే ఎలాగమ్మా? అల్మారాలో అర ఖాళీగా ఉంటే మీ నాన్న ఊరుకునేవాడా?”

ఊరుకునేవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. కొట్టు పెట్టి బతికిన మనిషికి ఖాళీ అర కనిపిస్తే చెయ్యి దురద పుడుతుంది. కోరు ఖాళీగా ఉండటమంటే, రాబోయే మనిషి కోసం ఒకడు సిద్ధంగా నిలబడి ఉండటమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన మనిషి అక్కడే ఉన్నాడు. మిషను అమ్మిన కంపెనీ ఇంజనీరు, సీజను అయ్యేదాకా ఇక్కడే ఉంటాడట. నా ఈడువాడే. ఒక కాగితం తెచ్చి నాకిచ్చాడు.

“మేడమ్, మా టెస్ట్ రిపోర్టు చూడండి. సగటున ఒక్కో కాయకి తీర్పు కన్ను ఆర్పేలోపే వస్తోంది.”

“ఎప్పుడు కొలిచారు?”

“మిషను బిగించిన రోజు పొద్దున.”

“అప్పుడు ఇంకేం నడుస్తున్నాయండీ దీని మీద?”

“ఏవీ లేవు. క్లీన్‌గా ఉంది.”

“పెళ్ళిచూపులకి ముస్తాబు చేసి కూర్చోబెట్టారన్న మాట.”

అతను నవ్వలేదు. “ఇప్పటికీ రోజు మొత్తం మీద సగటు బాగానే ఉంది మేడమ్” అన్నాడు.

ఉంటుంది. ఎందుకుండదు? పెద్ద తోటలవాళ్ళకి సొంత ట్రాక్టర్లు. వాళ్ళ కాయలు పొద్దున్నే దిగుతాయి. అప్పటికి బిల్లులు లేవు, ఫొటోలు లేవు, కంప్యూటరు ఖాళీ. టీచరు గారిలాంటి చిన్న తోటలవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అందరి కోతలూ అయ్యాక సాయంత్రం వస్తారు. సరిగ్గా అప్పుడే రోజు బిల్లులన్నీ తయారవుతాయి, ఫొటోలన్నీ వెళ్తాయి, కెమెరాల రికార్డింగులు కాపీ అవుతాయి. పొద్దున కాయలకి ఆలస్యం లేదు, సాయంత్రం కాయలకి అంతా ఆలస్యమే. రెండూ కలిపి భాగించి సగటు బాగుందంటాడు. ఆలస్యాన్ని అందరూ పంచుకున్నట్టు! పంచుకోలేదు. మోసింది సాయంత్రం వచ్చినవాళ్ళే. పక్షపాతం లేదన్న మిషను ట్రాక్టరు ఉన్నవాడికి ఒక చూపు, ఆటోలో వచ్చినవాడికి ఒక చూపు చూస్తోంది, అదీ ఎవరికీ తెలియకుండా, ఎవరినీ తిట్టడానికి వీల్లేకుండా. నాకు అసలు కోపం అక్కడొచ్చింది. మనిషైతే మొహం మీద అడగొచ్చు.

“కాయలు తెప్పించండి బాబాయ్” అన్నాను. “టీచరు గారి రెండో లోడు జ్యూసు ట్రేలు ఇంకా ఇక్కడే ఉన్నాయిగా. వాటినే మళ్ళీ తిప్పుదాం.”

ఇంజనీరు అడ్డుపడ్డాడు. “పడిపోయిన కాయల్నే ఏరి మళ్ళీ తిప్పితే కొన్ని ఎలాగూ పైకి వస్తాయి మేడమ్. అది న్యాయమైన పరీక్ష కాదు.”

అతనన్నదీ నిజమే. మనిషిలో సరుకు ఉంది, కాగితంలోనే లేదు. అందుకని అవే కాయల్ని రెండుసార్లు తిప్పాం. మొదట సాయంత్రం పనులన్నీ నడుస్తుండగా. దాదాపు అన్నీ మళ్ళీ జ్యూసులోకే పోయాయి. తరవాత పాటలతో సహా మిగతావన్నీ ఆపి. కాయలు అవే, బెల్టు అదే, మారింది ఒక్కటే. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. ఫస్టు గ్రేడు ట్రే నిండింది, ఇంకోటి పెట్టాల్సొచ్చింది. టీచరు గారు బాబాయ్ వైపు తిరిగి, మా నాన్నకి పెట్టేవారే ఆ నమస్కారం, అది ఒకటి పెట్టారు. ఆయన కుర్చీలో కదిలాడు.

“సరేనమ్మా, ఏం చెయ్యమంటావో చెప్పు” అన్నాడు నాతో.

“గ్రేడింగుకి కొన్ని కోర్లు విడిగా ఇచ్చేయండి. వాటి మీదకి ఇంకేదీ రాకూడదు.”

“ఎన్ని?”

ఇక్కడ నేను చెయ్యాల్సిందేంటి? కొలవాలి. ఒకటిచ్చి చూడాలి, రెండిచ్చి చూడాలి. ఉద్యోగంలో ఎవరైనా కొలవకుండా నంబరు చెప్తే ఏకిపారేసే మనిషిని. కానీ ఎదురుగా ఉన్నది బజారు మనిషి, అడిగింది “ఎన్ని?” అని. నా నోరు తనంతట తనే తెరుచుకుంది.

“నాలుగు.”

“నాలుగే! సగం షెడ్డు రాసిమ్మంటావా? ఒకటి తీసుకో.”

“ఒకటి దేనికి బాబాయ్, పాటలకా?”

“పాటల జోలికి రాకు. ఒకటి, ఇంకో సగం.”

“కోరులో సగం ఎలా ఇస్తారు? ఇదేమన్నా బెల్లం అచ్చా విరవడానికి?”

“మీ నాన్న మొహం చూసి అంటున్నా. రెండు. ఇంక మాట్లాడకు.”

“సరే, రెండు.”

టీ వచ్చింది. బిస్కెట్లు కూడా వచ్చాయి. ఒకటితో మొదలెట్టినాయన్ని రెండుకి తెచ్చానని నేను, నాలుగన్నదాన్ని రెండుకి దించానని ఆయన, ఇద్దరం మహా సంతోషంగా తాగాం. ఇంజనీరు ఆ రెండు కోర్లూ గ్రేడింగుకి కట్టేశాడు. ఇంకోసారి తిప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు. బేరం కుదిరాక తూకం వేసి చూడటం మా బజారులో అవమానం కింద లెక్క.

మూడో లోడు రెండు రోజులకి వచ్చింది. సాయంత్రమే వచ్చింది. నేను దగ్గరుండి చూడటానికి వెళ్ళాను, కొంచెం పొగడ్తలకి కూడా వెళ్ళాననుకోండి. బెల్టు మొదలైంది. తలుపులు బాగానే కొట్టుకుంటున్నాయి. టీచరు గారు మాత్రం బెల్టు మొదట నిలబడకుండా తిన్నగా చివరికి వెళ్ళి నిలబడ్డారు. అక్కడ టపటపమని చప్పుడవుతోంది. కాయ మీద కాయ. మచ్చ లేని బంగినపల్లి కాయలు జ్యూసు ట్రేలో కొండలా పెరుగుతున్నాయి. పోయినసారంత కాదు, కానీ లోడుని ముంచడానికి చాలు.

బెల్టు ఆపించాను. ఆపమని అరిచాను అనాలి.

“రూలు రూలే కదమ్మా, మూడోసారి” అన్నాడు బాబాయ్, నేల చూస్తూ.

“అది కాయల తప్పు కాదు బాబాయ్. రెండు కోర్లు చాలలేదు. ఇంకా ఇవ్వాలి.”

“మాట అయిపోయిందిగా! రెండన్నాం, టీ తాగాం. కుదిరిన బేరం మళ్ళీ విప్పుతావా? మీ నాన్న ఎప్పుడైనా చేశాడా ఈ పని?”

చెయ్యలేదు. కోర్ల విషయంలో లక్ష చెప్పగలను, కుదిరిన బేరం విప్పడం మాత్రం మా ఇంటా వంటా లేదు. అప్పుడు టీచరు గారు వచ్చారు. చేతిలో ఒక కాయ ఉంది.

“బేరం మీరిద్దరూ ఆడుకున్నారు” అన్నారు. గొంతు పెంచలేదు. “కాయలు నావి. ఎన్ని కావాలని నన్నెవరూ అడగలేదు, ఆ కంప్యూటర్నీ అడగలేదు. అమ్మాయ్, నువ్వు నా తరఫున వచ్చావా, నీ బేరం తరఫున వచ్చావా?”

ఎవరైనా ఆఫీసులో ఈ మాట అంటే పేజీలకి పేజీలు జవాబు రాసేదాన్ని. అక్కడ మాత్రం చీర కొంగుతో మొహం తుడుచుకుని, “ఒక ట్రే ఇస్తారా టీచరు గారూ? మళ్ళీ మళ్ళీ తిప్పితే తొక్క నలుగుతుంది, ఆ ట్రే పోయినట్టే” అన్నాను.

“పోనీ. నిజం తెలియాలి.”

ఆ రద్దీలోనే, బిల్లులు వస్తుండగానే, స్పీకర్లో పాట నడుస్తుండగానే కొలిచాం. రెండు కోర్లతో తిప్పితే మళ్ళీ చివర చప్పుడు. ఇంజనీరు ఈసారి తనే వంగి చూసి చెప్పాడు. రెండు బెల్టుల ఫొటోలు చూసే పనులు రెండు కోర్లనీ పట్టుకుంటున్నాయి, తలుపులు తెరిచే పని వాటి వెనక నిలబడుతోంది. తీర్పు తయారే, చెప్పే మనిషికే చోటు లేదు. మూడిచ్చి తిప్పాం. చివర నిశ్శబ్దం. తీర్పు కోసం ఎక్కువసేపు ఎదురుచూసిన కాయ ఏదో వెతికి చూశాను, అది కూడా తలుపు దగ్గరే దిగిపోయింది. నాలుగిచ్చి కూడా తిప్పాం. మూడుకీ నాలుగుకీ తేడా లేదు.

బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. “చూశావా! ఒకటి ఎక్కువ అడిగావు! నాకు తెలుసు. మీ కొట్టు బుద్ధి ఎక్కడికి పోతుంది?”

“ఎక్కువే అడిగాను బాబాయ్.”

“నాలుగన్నదానివి మూడుకి దిగావు. అవునా?”

“దిగాను.”

“అయితే సరే. మూడు రాసుకో” అన్నాడు ఇంజనీరుతో, గెలిచిన మనిషి గొంతుతో. ఆ మధ్యలో రెండు అన్న మాట ఉన్నట్టే మర్చిపోయాడు. నేనూ గుర్తుచెయ్యలేదు. ఆయనకి కావాల్సింది నేను ఒక మెట్టు దిగడం, అది దొరికింది. పైగా ముందు పడ్డ రెండు లోడ్లూ లెక్కలోకి రావని కూడా తనే అన్నాడు. పాటలు మాత్రం ఆపనన్నాడు. ఆపక్కర్లేదు, వాటికి మిగతా కోర్లు చాలు.

ఇంజనీరు రిపోర్టు మాత్రం వదల్లేదు నేను. సగటు కొట్టెయ్యమనలేదు, అడుక్కి తొయ్యమన్నాను. మొదటి వరసలో, సాయంత్రం రద్దీలో తీర్పు కోసం అన్నిటికంటే ఎక్కువసేపు ఎదురుచూసిన కాయ ఎంతసేపు చూసిందో రాయాలి. “మా కంపెనీలో ఎవరూ ఇలా రాయరు మేడమ్” అన్నాడు. “మీ కంపెనీలో ఎవరికీ మామిడి తోట లేదులెండి” అన్నాను. రాశాడు. ఇలాంటి కాగితాలు ఇంకెన్ని షెడ్లలో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో సగటు ఒక్కటే చూపించి తిరుగుతున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చివరి ట్రే దగ్గర నిలబడే మనిషి ప్రతిచోటా ఉండడు.

ఆ సాయంత్రం టీచరు గారి లోడు మొత్తం మళ్ళీ బెల్టు ఎక్కింది, పరీక్షకి ఇచ్చిన ట్రే తప్ప. తలుపులు కొట్టుకుంటున్నాయి, ఫస్టు గ్రేడు ట్రేలు మారుతున్నాయి. ఆవిడ అక్కడికి రాలేదు. మళ్ళీ చివరికే వెళ్ళి, జ్యూసు ట్రే పక్కన నిలబడ్డారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపు ఏమీ రాలేదు. తరవాత ఒక కాయ ఒంటరిగా దొర్లుకుంటూ వచ్చి ట్రేలో పడింది.

నా చెయ్యి ముందే వెళ్ళింది. ఇదేంటి, ఇది ఎందుకొచ్చింది, ఎంత ఆలస్యమైందో చూడండి అని ఇంజనీరుని పిలవబోయాను. టీచరు గారు ఆ కాయ తీసుకుని తిప్పి చూశారు. ముచ్చిక దగ్గర సొన కారి, ఒక వైపంతా నల్లటి చార కట్టింది.

“పిలవకమ్మా” అన్నారు. “ఇది జ్యూసుకే.”

కాయని ట్రేలో పెట్టేశారు. పడెయ్యలేదు, పెట్టారు. ఆ తరవాత ఫస్టు గ్రేడు ట్రేల వైపు నడిచారు.